చెన్నై బోరు నీళ్ళు, రెండడుగుల ట్యాంకు: ఏ చేపల్ని కలిపి వేయవచ్చు?

నీటిబుడగ, పెరుంగుడి:
అందరికీ నమస్కారం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గాజు ట్యాంకు. లెక్కకు 56 లీటర్లు, ఇసుక, కొయ్యముక్క, పైన వదిలిన ఖాళీ పోను పట్టినవి 45 లీటర్లు. స్పాంజ్ ఫిల్టర్ ఒకటి, వెనక తగిలించే ఫిల్టర్ ఒకటి. అపార్ట్‌మెంట్ కుళాయి నీళ్ళు: టీడీఎస్ 780, పీహెచ్ 7.8. మధ్యాహ్నం నీటి వేడి 30 డిగ్రీలు. చేపలు లేకుండా అమ్మోనియా వేసి సైకిల్ (చేపల మురికిని మార్చే బాక్టీరియాను ఫిల్టర్‌లో ముందే పెంచడం) మొదలుపెట్టి మూడు వారాలైంది. ఇవాళ అమ్మోనియా 0, నైట్రైట్ 0.25, నైట్రేట్ 10 పీపీఎం (లీటరుకు మి.గ్రా.).

అనుకున్న జాబితా: నియాన్ టెట్రాలు 10, గప్పీలు 4, మగ ఫైటర్ 1, ఏంజెల్ 2, సక్కర్ 1, నల్ల షార్కులు 2. వీటిలో ఏవి కలుస్తాయి, ఏవి కలవవు, ఎందుకు? ఆదివారం చేపలు కొనడానికి కొళత్తూర్ వెళ్దామనుకుంటున్నాను.

బోరునీళ్ళు:
ఈ ఆదివారం వద్దండీ. నైట్రైట్ ఇంకా కనిపిస్తోందంటే దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా సరిపడా పెరగలేదు. 2 పీపీఎం అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావాలి. అలా వరసగా రెండుసార్లు వచ్చాకే చేపలు.

ఏ చేపకు ఏది జోడు అనే ముందు మీ నీళ్ళేమిటో తేలాలి. టీడీఎస్ మీటర్ నీళ్ళలో ఎంత కరిగిందో చెబుతుంది, ఏం కరిగిందో చెప్పదు. మీ వైపు అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌నర్ పెట్టడం మామూలు. అది నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పట్టేసుకుని బదులుగా సోడియం వదులుతుంది. టీడీఎస్ ఇంచుమించు అంతే చూపిస్తుంది, కేహెచ్ (పీహెచ్‌ని పడిపోకుండా నిలిపే కార్బొనేట్ల కొలత) తగ్గదు, పీహెచ్ దిగదు, జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే గట్టిదనం కొలత) మాత్రం నేలకు పడిపోతుంది. గప్పీ కోరే గట్టి నీళ్ళూ కావు, టెట్రా కోరే మెత్తని నీళ్ళూ కావు. ఇలాంటి నీళ్ళలో మోలీలు కదలకుండా ఒకేచోట ఒళ్ళు ఊపుతుంటాయి. కొన్నవాళ్ళు అది రోగమనుకుని మందులు పోస్తారు.

చుక్కలు వేసి కొలిచే జీహెచ్, కేహెచ్ కిట్ తెచ్చుకోండి. రెండు చోట్ల నీళ్ళు పట్టండి: వంటింటి కుళాయి ఒకటి, సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి ఇంకొకటి. కింద మొక్కలకు పోసే కుళాయి చాలాచోట్ల నేరుగా బోరుకే కలిపి ఉంటుంది, వాచ్‌మన్‌ని అడిగితే చెబుతాడు. పీహెచ్‌ని పట్టగానే ఒకసారి, రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి పొద్దున ఒకసారి చూడండి.

నీటిబుడగ, పెరుంగుడి:
చూశాను. వంటింటి కుళాయి: జీహెచ్ 2, కేహెచ్ 14. మొక్కల కుళాయి: జీహెచ్ 20, కేహెచ్ 14, టీడీఎస్ 790. దాని పీహెచ్ పట్టగానే 7.6, పొద్దునకు 8.2. పొద్దునకు ఎందుకు పెరిగింది?

బోరునీళ్ళు:
భూమి లోపలి నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. గాలి తగిలేకొద్దీ అది పోతుంది, పీహెచ్ పైకెక్కుతుంది. ట్యాంకులో చేప బతికేది ఆ 8.2లోనే, 7.6లో కాదు. అందుకే రెండుసార్లు చూడమన్నాను.

ఈ తేడా చిన్నది కాదు. పరీక్షలో కనిపించే అమ్మోనియాలో కొంత భాగమే విషం. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర ఆ భాగం 0.8 శాతం, పీహెచ్ 8 దగ్గర 7.4 శాతం, పీహెచ్ 8.2 దగ్గర 11 శాతం పైమాటే. ఫిల్టర్ ఒక పూట ఆగినా, పిల్లలు తిండి గుప్పెడు వేసినా, పీహెచ్ 7 ట్యాంకు తట్టుకునేదాన్ని మీ ట్యాంకు తట్టుకోలేదు. దానికి తోడు వేడి పెరిగేకొద్దీ నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మి.గ్రా. పట్టే నీళ్ళు 30 దగ్గర 7.6 మాత్రమే పట్టుకుంటాయి. చెన్నైలో చేపల సంఖ్య తక్కువ ఉండాలనేది ఇందుకే.

మీకు రెండు దారులున్నాయి. మొదటిది మొక్కల కుళాయి నీళ్ళు ఉన్నవి ఉన్నట్టే వాడి గట్టి నీళ్ళ చేపల్ని పెంచడం. రెండోది అదే నీళ్ళలో ఆర్‌ఓ నీళ్ళు (ఉప్పులు వడకట్టేసినవి) కలిపి మెత్తబరచి టెట్రా, రాస్బోరా జాతిని పెంచడం. సాఫ్ట్‌నర్ నీళ్ళు ఏ దారిలోనూ వద్దు. దారి తేలితే జాబితా సగం దానంతట అదే తెగిపోతుంది.

కొళత్తూర్ దారి:
జాబితాలో ముందు తీసేయాల్సినవి చెబుతాను.

షార్కులు. కొట్లో నలుపు, వెండి చారలతో రెండంగుళాలుండే ఆ పిల్ల సముద్రపు షార్కు కాదు, మన కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో తిండికి పెంచే పంగస్. మీటరు దాటుతుంది. గాజుకు ముక్కు కొట్టుకుని పుండు పడుతుంది, గుంపు లేకపోతే బెదిరిపోతుంది. ఇంటి ట్యాంకు ఎంత పెద్దదైనా దానికి చాలదు.

సక్కర్. ‘ట్యాంకు శుభ్రం చేస్తుంది’ అని అంటగడతారు. 30 సెంటీమీటర్లు దాటుతుంది, తినే నాచు కంటే వేసే రెట్ట ఎక్కువ. పెద్దయ్యాక రాత్రిపూట ఏంజెల్ లాంటి బల్లపరుపు చేపల ఒంటి జిగురు గీకి తింటుంది. దయచేసి పెద్దదయ్యిందని ఏ చెరువులోనూ వదలకండి. ఆంధ్ర చెరువుల్లో దెయ్యం చేప అంటూ రైతులు తలపట్టుకుంటున్నది ఈ జాతినే. వలలు చింపుతుంది, గట్లు తొలుస్తుంది.

ఏంజెల్. రెక్కల కొసలతో కలిపి 20 సెంటీమీటర్ల ఎత్తు దాటుతుంది, మీ ట్యాంకులో ఇసుక తీసేస్తే నీటి లోతే 25 సెంటీమీటర్లు ఉంటుందేమో. పైగా నియాన్ దాని నోట్లో పట్టే చేప. చిన్నప్పుడు రెండూ కలిసి తిరిగాయని మోసపోవద్దు. ఏంజెల్ పెరిగాక ఒక రాత్రిలో నియాన్‌లు తగ్గడం మొదలవుతుంది. జోడీ కట్టి గుడ్లు పెడితే ట్యాంకులో సగం తమదంటాయి.

నియాన్. దానికి హాయి 20 నుంచి 26 డిగ్రీలు. మే నెలలో ఇక్కడ నీళ్ళు 31, 32కు పోతాయి. బతికినా నీరసంగా ఉండి తొందరగా పోతుంది. వేడి తట్టుకునేది కావాలంటే కార్డినల్ టెట్రా, కానీ దానికి మెత్తని నీళ్ళు తప్పనిసరి. ఎర్రగీత తోకనుంచి పొట్టదాకా సగమే ఉంటే నియాన్, ఒళ్ళంతా పరుచుకుంటే కార్డినల్.

ఇక మిగిలినవి గప్పీ, ఫైటర్. ఆ రెండూ ఒకచోట వద్దు. మగ గప్పీ పెద్ద తోకను చూసి ఫైటర్ దాన్ని మరో మగ ఫైటర్ అనుకుంటుంది.

గప్పీగూడు, పెరంబూరు:
మొదటి దారి గురించి నేను చెబుతాను. జీహెచ్ 20, పీహెచ్ 8.2 నీళ్ళు గప్పీకి బాగా నప్పుతాయి. కొళత్తూర్ చుట్టుపక్కల పెంచేవాళ్ళు చాలామంది బోరు నీళ్ళలోనే పెంచుతారు, అందువల్ల అక్కడి గప్పీకి మీ నీళ్ళు కొత్త కావు.

నాలుగు అంటే ఎన్ని మగ, ఎన్ని ఆడ అని చూసుకోవాలి. మగవి ఎక్కువైతే ఆడదాన్ని రోజంతా తరుముతాయి, అది తిండి మానేసి మూల పడుతుంది. ఒక మగకు కనీసం రెండు మూడు ఆడవి. కానీ ఆడవి వస్తే లెక్క మారిపోతుంది. నెలకొకసారి ఒక్కొక్కటి 20 నుంచి 50 పిల్లల్ని పెడుతుంది, మగది లేకపోయినా దాచుకున్న వీర్యంతో నెలల తరబడి పెడుతూనే ఉంటుంది. మూడు ఆడవాటితో మూడు నెలల్లో 45 లీటర్లు కిక్కిరిసిపోతాయి. పిల్లల్ని ఎవరికివ్వాలో ముందే అనుకోకపోతే మగవాటినే ఎనిమిది తీసుకోండి. ఆడవి లేకపోతే మగవి ఒకదాన్నొకటి పెద్దగా గాయపరచవు. రంగులూ మగవాటివే.

వాటికి తోడుగా నెరైట్ నత్తలు మూడు. గట్టి నీళ్ళలో వాటి చిప్ప దృఢంగా ఉంటుంది, మంచినీళ్ళలో గుడ్లు పెట్టినా పిల్లలు పెరగవు, కాబట్టి నత్తలు ట్యాంకు నింపేస్తాయన్న భయం లేదు. చెర్రీ రొయ్యలు కూడా వేయవచ్చు, గుబురుగా జావా నాచు ఉంటే. రొయ్యలుండగా రాగి ఉన్న మందు ఏదీ ఆ ట్యాంకులో పోయకూడదు. టైగర్ బార్బ్, విడో టెట్రా మాత్రం ఎంత అడిగినా వద్దు. మెరిసే రంగుల్లో అమ్ముతున్న టెట్రాల్లో చాలావరకు ఈ విడో టెట్రాయే, గప్పీ తోకలు కొరికేస్తుంది.

నాచుతోట:
దారి గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఫైటర్‌ని ఒంటరిగానే ఉంచాలన్న నియమం అన్నిచోట్లా వర్తించదు. గప్పీ వద్దు, గౌరామి వద్దు, ఇంకో ఫైటర్ అసలే వద్దు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ 45 లీటర్లలో మొక్కలు దట్టంగా ఉండి, తోడు చేపలు పొట్టి తోకతో, మధ్య నీళ్ళలో గుంపుగా తిరిగేవైతే, హార్లెక్విన్ రాస్బోరాలు ఎనిమిది లాంటివి, ఫైటర్ చక్కగా ఇముడుతుంది. ఒకటే షరతు, దాన్ని అన్నిటికన్నా చివర వేయాలి. ముందు వేస్తే ట్యాంకంతా తనదనుకుంటుంది.

మొదటి గంట పక్కనే కూర్చుని చూడండి. మొప్పల మూతలు విప్పి, ఒళ్ళు అడ్డంగా తిప్పి నిలబడి, రాస్బోరాలు పక్కకు తప్పుకోగానే మూతలు ముడుచుకుని తన దారిన పోతే సమస్య లేదు. అలా రెండు మూడు రోజులు చేస్తుంది, తర్వాత పట్టించుకోదు. అలా కాకుండా ఒకే చేపను ఎంచుకుని, అది మొక్క వెనక్కి వెళ్ళినా వదలక చుట్టూ తిరిగి పట్టుకుంటుంటే, తిండి వేసినా తిండి వైపు రాకుండా దాని వెంటే పోతుంటే, ఆ ఫైటర్ గుంపులో ఉండదగ్గది కాదు. వెంటనే తీయాలి. అందుకని 15, 20 లీటర్ల టబ్బు, నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ సిద్ధంగా ఉంటేనే ఈ ప్రయత్నం చేయండి.

కొళత్తూర్ దారి:
తోట గారూ, టబ్బు సిద్ధంగా ఉన్నవాళ్ళకు మీ మాట నూరుపాళ్ళు నిజం. నా భయమల్లా పొడుగు రెక్కల హాఫ్‌మూన్ ఫైటర్ గురించి. వెనక తగిలించిన ఫిల్టర్ ధారకు అది ఈదలేక అలసిపోతుంది, తన రెక్కలు తానే కొరుక్కుంటుంది. మొదటిసారి పెట్టేవాళ్ళు ఆ చిరుగుల్ని చూసి రాస్బోరాల మీద నింద వేస్తారు. పొట్టి రెక్కల ప్లకాట్ రకమైతే ధారకు తట్టుకుంటుంది, అయితే అది చురుకు, తరమడం ఎక్కువ. ఫైటర్ కావాలంటే వెనక ఫిల్టర్ తీసేసి స్పాంజ్ ఒక్కటే ఉంచాలి, అప్పుడు మిగతా చేపల సంఖ్య తగ్గించుకోవాలి.

కోరమంగళ నుంచి:
నియాన్ గురించి ఒక్క మాట. బెంగళూరులో చదివేవాళ్ళు ఇది తమకూ వర్తిస్తుందనుకోవద్దు. ఇక్కడ కావేరి నీళ్ళు వచ్చే ఇళ్ళలో నీళ్ళు మెత్తన, నియాన్, నేలన తిరిగే పాండా కోరీ హాయిగా ఉంటాయి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ట్యాంకు 21, 22కు దిగుతుంది, ఫైటర్‌కు ఇక్కడ 50 వాట్ల హీటర్ కావాలి. బోరు, ట్యాంకర్ నీళ్ళ ఇళ్ళకు పైన బోరునీళ్ళు గారు చెప్పిందే.

నీటిబుడగ, పెరుంగుడి:
రెండో దారికే మొగ్గుతున్నాను. గుంపుగా తిరిగే చేప కావాలి, నేలన తిరిగేది ఒకటి కావాలి. హార్లెక్విన్‌లు ఎనిమిది, కోరీలు ఆరు, ఫైటర్ బదులు హనీ గౌరామి రెండు. సరిపోతుందా? నీళ్ళు ఎంత కలపాలి? వేడి ఎలా తగ్గించాలి?

బోరునీళ్ళు:
ఇంటికి తాగడానికి 20 లీటర్ల ఆర్‌ఓ నీళ్ళ క్యాన్ వస్తుంది కదా, దాని టీడీఎస్ చూడండి. 50 దగ్గర ఉంటే మూడు వంతులు క్యాన్ నీళ్ళు, ఒక వంతు మొక్కల కుళాయి నీళ్ళు. అప్పుడు టీడీఎస్ 235 దాకా, జీహెచ్ 5, కేహెచ్ 3.5 వస్తాయి. పీహెచ్ కూడా 8.2 కంటే బాగా దిగుతుంది. క్యాన్ నీళ్ళే మొత్తం పోయకండి, కేహెచ్ సున్నా అయితే పీహెచ్ ఒక్కసారిగా కూలిపోతుంది, బాక్టీరియా పని మానేస్తుంది. ఆర్‌ఓ మిషన్ పక్కకు వదిలే నీళ్ళు కూడా వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

వారానికి 14 లీటర్లు మార్చాలి: క్యాన్ నుంచి పదిన్నర, కుళాయి నుంచి మూడున్నర. ముందు రోజే బకెట్లో కలిపి ఎయిర్ స్టోన్ వేసి ఉంచండి. మెట్రో వాటర్ (నగర సరఫరా నీళ్ళు) వాడేవాళ్ళు మాత్రం క్లోరిన్ తీయాలి. 1 మి.గ్రా. క్లోరిన్‌కు సుమారు 7 మి.గ్రా. హైపో స్ఫటికాలు పడతాయి, అంటే లీటరుకు 2 మి.గ్రా. క్లోరిన్ ఉన్న 14 లీటర్లకు 0.2 గ్రాములు.

వేడికి 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ నీటి మట్టం మీదుగా ఏటవాలుగా వీచేలా బిగించండి. నీళ్ళు ఆవిరయ్యి వేడి లాక్కుపోతుంది. మన ఉక్కపోతలో పెద్ద తేడా రాదు, రెండు డిగ్రీలు దిగితే సంతోషించాలి. 28 దగ్గర ఆగితే మీ జాబితా చేపలకు చాలు. ఆవిరైపోయిన నీటి బదులు క్యాన్ నీళ్ళు మాత్రమే పోయాలి, కుళాయి నీళ్ళు కాదు. ఆవిరిలో ఉప్పులు పోవు, కుళాయి నీళ్ళతో నింపుతూపోతే రెండు నెలల్లో జీహెచ్ మళ్ళీ మొదటికొస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో చక్కగా మొదలైన ట్యాంకులు ఎన్నో చెడిపోయాయి. పైన గాజు మూత తీసేస్తారు కాబట్టి దోమల మెష్‌తో చట్రం చేసి కప్పండి. హార్లెక్విన్ ఎగురుతుంది.

నాచుతోట:
కోరీల్లో ఏ రకమో చూసుకోండి. పాండా, పెప్పర్డ్ చల్లదనం కోరేవి, చెన్నైకి రావు. స్టెర్బాయ్ 28 డిగ్రీలకు ఇబ్బంది పడదు. ముదురు ఒంటి మీద తెల్లచుక్కలు, రొమ్ము రెక్కల ముందు ముల్లు నారింజ రంగు, అదే గుర్తు. ఒకటీ రెండూ తెస్తే దాక్కునే ఉంటాయి, ఆరింటికి తగ్గించవద్దు.

కోరీ బతుకంతా నేలలోనే. ముక్కు ఇసుకలో దూర్చి, నోటి నిండా తీసుకుని, తిండి ఏరుకుని ఇసుకను మొప్పల సందుల్లోంచి వదులుతుంది. అందుకు సన్నని, మొనల్లేని ఇసుక కావాలి. రంగురంగుల గాజు గులకరాళ్ళ మీద వేస్తే నోటి దగ్గరి మీసాలు అరిగి మొండిగా మిగులుతాయి. అయితే మంచి ఇసుక ఉండి కూడా మీసాలు కుళ్ళితే అది నేల మురికి వల్ల, మిగిలిపోయిన తిండి ఇసుకలో పులుస్తోందన్నమాట. కోరీ ‘మిగిలింది తినే చేప’ కాదు. దీపం ఆర్పాక మునిగే గుళికలు విడిగా వేయాలి, ఆరింటికి నాలుగైదు గుళికలు. అరగంట తర్వాత మిగిలితే తీసేయండి.

పచ్చచేప:
హనీ గౌరామి ఎంచుకున్నందుకు సంతోషం, ఈశాన్య భారతం, బంగ్లాదేశ్ నీళ్ళది, నెమ్మదైనది. కానీ మీ కొలతకు రెండు మగవి పడితే ఒకటి ఎప్పుడూ మూలన ఉంటుంది. మగది బంగారు పసుపు, గొంతు కింద నలుపు తేలుతుంది. ఆడదానికి పక్కన గోధుమరంగు గీత. కొట్లో చిన్నప్పుడు తేడా తెలియదు కాబట్టి ఒకదాన్నే తీసుకోవడం మేలు. నీలం, ఎరుపు చారల డ్వార్ఫ్ గౌరామి వైపు మాత్రం పోకండి. దానికి ఒక ఇరిడోవైరస్ ఉంది, వైద్యం లేదు.

మన దేశపు చేపలంటే ఇంకో రెండు పేర్లు ఎదురవుతాయి, వాటి సంగతీ చెప్పాలి. బఠానీ పఫర్ కేరళ చేప, అంగుళం ఉంటుంది, ముద్దుగా ఉంటుంది, తోడు చేపల రెక్కలు కొరుకుతుంది. దానికి విడి ట్యాంకే. మిస్ కేరళ పడమటి కనుమల చల్లని సెలయేళ్ళలో పుట్టింది, 15 సెంటీమీటర్లకు పెరుగుతుంది, అడవిలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. రెండడుగుల ట్యాంకుకు, చెన్నై వేడికి అస్సలు తగదు.

నీటిబుడగ, పెరుంగుడి:
అయితే హార్లెక్విన్ 8, స్టెర్బాయ్ 6, హనీ గౌరామి 1. అన్నీ ఒకేరోజు తెచ్చేయవచ్చా?

కొళత్తూర్ దారి:
వద్దు. ముందు హార్లెక్విన్‌లు. వాటిని విడి టబ్బులో రెండు నుంచి నాలుగు వారాలు ఉంచి, తెల్లచుక్కలు, పొట్ట లోపలికి పోవడం, దారంలా తెల్లని రెట్ట ఇవేవీ లేవని తేలాక ట్యాంకులోకి. తర్వాత కోరీలు అలాగే. గౌరామి చివర. ఒక్కో విడత తర్వాత వారం రోజులు అమ్మోనియా, నైట్రైట్ చూడండి. 0.25 కనిపించినా ఆ రోజు తిండి ఆపి, మూడోవంతు నీళ్ళు మార్చి, తర్వాతి విడత వాయిదా వేయండి. మొత్తం చేరాక వారం చివర నైట్రేట్ చూడండి, 20 దాటి పెరుగుతుంటే తిండి ఎక్కువైంది లేదా చేపలు ఎక్కువయ్యాయి. ఈ పదిహేనింటితో మీ ట్యాంకు నిండినట్టే, ఇక రొయ్యలూ అవీ చేర్చకండి.

కొట్లో ఆ ఒక్క చేపనే కాదు, ఆ తొట్టిలోని అన్నిటినీ చూడండి. ఒకటి చచ్చి తేలుతున్నా, రెక్కలు ముడుచుకుని ఉన్నా, ఆ తొట్టి చేపలు వద్దు. తిండి వేసి చూపించమని అడగండి, హార్లెక్విన్ వెంటనే పైకి రావాలి. కొట్టు నీళ్ళ టీడీఎస్ మీటరుతో అక్కడే చూసుకోండి. అది 800, మీది 235 అయితే సంచిని తేల్చి వదిలేస్తే సరిపోదు. సన్నగొట్టంతో చుక్కచుక్కగా గంటన్నర పాటు, సంచి నీళ్ళు మూడింతలయ్యేదాకా కలపాలి.

నవంబర్, డిసెంబర్ తుపాన్ల సంగతి మరవకండి. 2023 డిసెంబర్ మిచౌంగ్ అప్పుడు పెరుంగుడి, వేళచ్చేరి వైపు రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని స్పాంజ్ ఫిల్టర్‌కే తగిలించండి, గాలి, బాక్టీరియా రెండూ నిలుస్తాయి. కరెంటు లేనన్ని రోజులూ తిండి వేయకండి. వెనక ఫిల్టర్ ఐదారు గంటలకు మించి ఆగితే లోపలి స్పాంజిని ట్యాంకు నీళ్ళలోనే పిండి, ఆ తర్వాతే నడపాలి. లేకపోతే లోపల కుళ్ళినదంతా ఒక్కసారిగా ట్యాంకులోకి వస్తుంది. గౌరామి పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, కోరీ కొంతవరకు గాలి మింగుతుంది, ముందు ఊపిరాడనిది హార్లెక్విన్‌లకే. వాటినే గమనిస్తూ ఉండండి.

నాచుతోట:
కోరీలు తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. రొమ్ము రెక్కల ముల్లు సంచికి చిల్లు పొడుస్తుంది, ఒకదానిలో ఒకటి రెండు సంచులు వేయించండి. బెదిరితే ఒంట్లోంచి విషం వదిలి ఆ సంచిలో అవే చచ్చిపోతాయి, కాబట్టి ఒక్కో సంచిలో రెండుకు మించి వద్దు. కొట్టు దాటేలోపు నీళ్ళు నురగ కడితే మార్పించుకోండి. ఇంట్లో వలతో పట్టకండి, ముల్లు వలలో చిక్కుకుంటుంది. ప్లాస్టిక్ గిన్నెతో తోడి వదలండి.

నీటిబుడగ, పెరుంగుడి:
నిన్న 2 పీపీఎం వేశాను, ఇవాళ 24 గంటలకు రెండూ సున్నా. రేపు ఇంకోసారి వేసి చూస్తాను. క్యాన్ టీడీఎస్ 62.

బోరునీళ్ళు:
62 అయితే అదే కొలత సరిపోతుంది, టీడీఎస్ 245 దాకా వస్తుంది. రెండోసారీ సున్నా వస్తే ట్యాంకులోని సాఫ్ట్‌నర్ నీళ్ళు తొంభై శాతం తీసేసి, కలిపిన నీళ్ళు పోయండి. ఫిల్టర్ స్పాంజిలు ఆరకుండా ఆ అరగంట ట్యాంకు నీళ్ళ బకెట్లో ఉంచండి. హార్లెక్విన్‌లు విడి టబ్బులో ఉన్నన్నాళ్ళూ ట్యాంకులో రెండు రోజులకొకసారి 1 పీపీఎం అమ్మోనియా వేస్తూ ఉండాలి, లేకపోతే బాక్టీరియా తిండి లేక తగ్గిపోతుంది. చేపల్ని దింపే ముందు రోజు ఆపేసి, సగం నీళ్ళు మార్చండి.